పాటకు వరస, మనిషికి వరస

'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో ఏ పేజీ తీసినా పైన ఒక అంకె ఉంటుంది. దానితోపాటు రాగం పేరు, తాళం పేరు. ఆ తర్వాత పల్లవి, అనుపల్లవి, చరణాలు. చివర రాసినవారి పేరు. అంతే. స్వరాలు ఉండవు. రాగం ముఖారి, తాళం ఆది అని చదివి ఆ పాటను పాడేయగలిగినవాళ్ళు విజయనగరం సంగీత కళాశాలలో దొరుకుతారు గాని, పాతపట్నం దగ్గరో చీపురుపల్లి దగ్గరో ఉన్న పల్లెటూరి ప్రార్థన మందిరంలో దొరకరు. అయినా ఆ మందిరాల్లో ఆ పాటలు తరాలుగా వినిపిస్తూనే ఉన్నాయి. ఒకరు పాడితే ఇంకొకరు విని నేర్చుకోవడం, నేర్చుకున్నది పిల్లలకు అప్పజెప్పడం. ఇదొక్కటే దారి. అలా గొంతులు మారుతూ వచ్చినదాన్ని 'వరస' అంటాం. "ఆ పాట వరస నీకొచ్చునా?" అని అడుగుతాం.

వరస అంటే చుట్టరికం కూడా. కొత్త మనిషి ఇంటికొస్తే "మనకి ఏ వరస అవుతాడు?" అని అడిగాకే పిలుపు మొదలవుతుంది. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని మా ప్రాంతపు క్రైస్తవ పాట చరిత్ర చూస్తే మాత్రం ఆ రెండూ విడదీయలేనట్టు కనిపిస్తాయి. పాట వరస ఎవరి దగ్గర నేర్చుకున్నామో వాళ్ళతో మనకొక వరస కలుస్తుంది. అందుకే "నీకు బాగా ఇష్టమైన క్రైస్తవ పాటల ఆల్బమ్ ఏది?" అని ఎవరైనా అడిగితే కేసెట్టు పేరు ఒకటి చెప్పి ఊరుకోలేను. ఆ కేసెట్టులోని పాట అంతకుముందు ఎవరి గొంతులో ఉండేదో కూడా చెప్పాలి. నా మొదటి ఆల్బమ్ ఆ స్వరాలు లేని పుస్తకమే. మిగతావి దాని తర్వాత వచ్చినవి.

కూర్మనాథుడి కొడుకు

తెలుగునేల మీద ప్రొటెస్టెంటు మిషన్ పని మొదలయ్యింది విశాఖపట్నంలో. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో శ్రీకాకుళంలో చనిపోయాడు. ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో ఆ ఊరి పేరు చికాకోల్. మరుసటి ఏడాది డిగ్రాంజెస్ కూడా పోయాడు. వాళ్ళు మొదలుపెట్టిన తెలుగు సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురం ముద్రణాలయంలో అచ్చయ్యాయి. అచ్చయితే అయ్యాయి గాని, చదవడం వచ్చినవాళ్ళు ఎంతమంది? పుస్తకం జనం నోటికి ఎక్కాలంటే పాట కావాలి. ఆ పాట కట్టినవాడు అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్లవాడు. పర్లాకిమిడి ప్రాంతంలో పెరుగుతున్నాడు.

ఆయన పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టారు, 1890లో పోయారు. బెంగాలీ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబం. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. ఈ మూడు పేర్లూ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. కూర్మనాథుడు శ్రీకాకుళం పక్కనున్న శ్రీకూర్మం దేవుడు. సుభద్ర పూరీ గుడిలో అన్నల మధ్య కొలువైన చెల్లెలు. పురుషోత్తముడు ఆ పూరీ జగన్నాథుడే. కళింగాంధ్ర భక్తి పటమంతా ఆ ఒక్క ఇంట్లో ఉంది. 1833లో బాప్తిస్మం తీసుకున్న తర్వాత కూడా చౌదరి పేరు మార్చుకోలేదు. క్రీస్తు మీద కీర్తన రాసి, జగన్నాథుడి పేరుతో జీవితాంతం తిరిగారు.

మార్చుకోనిది పేరొక్కటే కాదు. పాట రూపాన్ని కూడా ఆయన మార్చుకోలేదు. ఆ కాలంలో తెలుగు ఊళ్ళలో భజన అంటే అధ్యాత్మ రామాయణ కీర్తనలు, తరంగాలు, అష్టపదులు. పల్లవితో ఎత్తుకుని, చరణం చరణానికీ మళ్ళీ పల్లవికి వచ్చి, మంగళంతో ముగించడం ఆ పద్ధతి. చౌదరి ఆ చట్రాన్నే తీసుకున్నారు. ఆయన కట్టిన కీర్తనలు నూటికి పైనే. శతకం కూడా రాశారు. కులాచారాన్ని ప్రశ్నిస్తూ గద్యమూ రాశారు. మిషనరీల బంగళాలో పియానో మీద వినిపించే పాటను తెలుగు చేసి ఊరుకుని ఉంటే ఆ పాట బంగళా దాటేది కాదు. ఊరి భజన మండలిలో కూర్చున్నవాడు వినగానే తల ఊపగలిగే నడక చౌదరి పాటకు ఉంది. ఆ నడక ఈ నేలదే. ఆర్.ఆర్. సుందరరావు 1983లో తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి తత్వం మీద ఇంగ్లీషులో ఒక పరిశోధన గ్రంథం ప్రచురించారు. తెలుగు క్రైస్తవుడి దైవచింతన ప్రసంగాల్లో కంటే పాటల్లో ఎక్కువగా ఉందని ఆ పుస్తకం చదివితే అర్థమవుతుంది. భక్తి సంప్రదాయంలోని దాస్యం, ఆర్తి, శరణాగతి ఈ కీర్తనల్లోకి ఎలా వచ్చాయో అందులో చూడవచ్చు.

ఎవరి నోటికి ఎవరి మాట

1870ల చివరికి బొబ్బిలి, శ్రీకాకుళం, భీమునిపట్నం ప్రాంతాల్లో కెనడా బాప్టిస్టులు స్థిరపడ్డారు. తర్వాత విజయనగరం, పర్లాకిమిడి, పాలకొండ, టెక్కలి వైపు విస్తరించారు. సాలూరు, పార్వతీపురం వైపు జర్మనీ నుంచి బ్రెక్లమ్ లూథరన్లు 1880లలో వచ్చారు. అంతకు చాలా ముందే, 1846లో, ఫ్రాన్సులోని అన్నెసీ నుంచి కేథలిక్ గురువులు విశాఖకు వచ్చి ఉన్నారు. అయితే వాళ్ళ పూజ లాటిన్‌లో నడిచేది. 1960లలో రెండవ వాటికన్ మహాసభ జరిగాక గాని పూజలో తెలుగు పాటకు పూర్తి చోటు దొరకలేదు. ఈ ప్రాంతానికి శ్రీకాకుళం కేథలిక్ మేత్రాసనం విడిగా ఏర్పడింది 1993లో.

ఉత్తరాంధ్రలో క్రైస్తవం ఎప్పుడూ పెద్ద గుంపు కాదు. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అలాంటి ఉప్పెన మావైపు రాలేదు. ఊరికి నాలుగు ఇళ్ళు, ఆరు ఇళ్ళు, అవీ ఎక్కువగా మాల, మాదిగ పేటల్లో. అంత చిన్న గుంపుకు పాట ఊరికే భక్తి కోసం కాదు, తోడు కోసం కూడా. నాలుగిళ్ళవాళ్ళు ఆదివారం రాత్రి లాంతరు పెట్టుకుని గొంతెత్తితే ఊళ్ళో తామొకళ్ళం ఉన్నామని తెలిసేది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. చౌదరి భాష పద్యకవి భాష. సమాసాలు, సంస్కృత శబ్దాలు, యతిప్రాసల మీద మమకారం. ఆ పాటలు పాడింది బడి గుమ్మం ఎక్కనివ్వని మనుషులు. ఊడ్పుల్లో వంగిన ఆడవాళ్ళ నోట దురితము, కరుణాసాగర, పతితపావన లాంటి మాటలు అలవోకగా పలికేవి. అర్థం పూర్తిగా తెలిసేదా అంటే, గుడిలో మంత్రం వినేవాళ్ళకు మాత్రం ఎంత తెలుసు? తేడా ఏమిటంటే మంత్రం వాళ్ళ చెవిన పడకూడనిది. ఇది వాళ్ళ నోటే పలకాల్సింది. అగ్రహారం నుంచి వచ్చిన భాష పేటలో సొంత భాష అయ్యింది. ఈ రాకపోకను తెలుగు సాహిత్య చరిత్రలు పెద్దగా పట్టించుకోలేదు. పురుషోత్తమ చౌదరికి ఒక పేరా ఇస్తారు. ఆయన పాటను నూటయాభై ఏళ్ళు మోసిన గొంతులకు ఒక్క వాక్యం కూడా ఉండదు.

మా నాయనమ్మకు చదువు రాదు. కాని కీర్తనలు అంకెతో సహా తెలుసు. పాస్టరుగారు "నూట నలభయ్యో పాట" అనగానే పక్కవాళ్ళు పేజీలు తిప్పుతుంటే ఈమె ఎత్తేసేది. చదువు రానివాళ్ళకు కూడా పాటకొక చిరునామా ఉండేదన్నమాట. నేను పుస్తకం చూసి నేర్చుకున్న పాటలు ఇప్పుడు సగం మర్చిపోయాను. ఆమె దగ్గర విన్నవి మర్చిపోలేదు.

కాగితం మీద సంగతి కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివారిని షెడ్యూల్డ్ కులం కింద గుర్తించరు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. అందుకే చాలా ఇళ్ళలో సర్టిఫికెట్టు మీద ఒక మాట, ఆదివారం నోట ఒక పాట. ఇది మంచా చెడా అని తీర్పు చెప్పే వ్యాసం కాదిది. కాని కాగితం మీద రాసుకోలేని సంగతిని మనుషులు ఎక్కడ దాచుకుంటారు? పాటలో దాచుకుంటారు. పాటకు ధ్రువపత్రం అక్కర్లేదు.

పుస్తకం ఓడెక్కింది

గంజాం, విశాఖ జిల్లాల నుంచి వేలాదిమంది కూలికి రంగూన్ వెళ్ళేవారు. 1942లో జపాను దాడికి చెల్లాచెదురై నడిచి వచ్చేదాకా ఆ రాకపోకలు ఆగలేదు. రంగూన్‌లో తెలుగు బాప్టిస్టు సంఘాలుండేవి. రైల్వే పనికి ఖరగ్‌పూర్ వెళ్ళినవాళ్ళూ అక్కడ తెలుగు మందిరాలు పెట్టుకున్నారు. పెట్టెలో రెండు బట్టలు, ఒక కీర్తనల పుస్తకం. పుస్తకం అందరిదీ ఒకటే. గోదావరి మనిషి, గుంటూరు మనిషి, శ్రీకాకుళం మనిషి ఒకే మందిరంలో అదే పేజీ తెరిచేవారు. పాట మొదలయ్యాకే తేడా తెలిసేది. ఒకళ్ళు పల్లవి చివర సాగదీస్తారు, ఇంకొకళ్ళు తుంచేస్తారు. ఒకళ్ళు తాళాలతో పరుగెత్తిస్తారు, ఇంకొకళ్ళు గుక్క తిప్పుకుంటూ మెల్లగా నడిపిస్తారు. పుస్తకంలో రాగం పేరు ముఖారి అనే ఉంటుంది. ఆ ముఖారి ఊరూరికీ వేరు. మందిరం మెట్ల మీద కూర్చుని "మీ వరస ఇలాగా? మాది ఇదీ" అని చెప్పుకోవడంతో పరిచయాలు మొదలయ్యేవి.

స్వరలిపి లేకపోవడం వల్లే ఈ వైవిధ్యం బతికింది. లిపిబద్ధమైన పాశ్చాత్య హిమ్ టొరంటోలో ఎలా పాడతారో బొబ్బిలిలోనూ దాదాపు అలాగే పాడాలి. అలాంటి అనువాద గీతాలు కూడా మన పుస్తకాల్లో ఉన్నాయి, వాటినీ హార్మోనియం మీద పాడుతూనే ఉన్నాం. కాని కీర్తన అలా కాదు. దానిలో పాడే మనిషికి చోటుంది.

టేపులోకి పాట

విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలయ్యింది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ చెప్పారు. ఘంటసాల అక్కడే వారాలు చేసుకుని చదివారు. విజయనగరంలో పుట్టిన పి. సుశీల కూడా ఆ కళాశాలలోనే నేర్చుకున్నారు. ఈ పేర్లు క్రైస్తవ పాటల వ్యాసంలో ఎందుకంటే, సుశీల గొంతు తర్వాత టేపు మీద మా ఇళ్ళకు తిరిగొచ్చింది. సినిమా గాయకులు క్రైస్తవ గీతాలు పాడడం మొదలుపెట్టాక సుశీల, జానకి, బాలసుబ్రహ్మణ్యం, ఏసుదాసు – అందరి గొంతులూ క్రిస్మస్ నెలలో పేటల్లో వినిపించాయి. రాగం పేరు తెలిసినవాళ్ళూ వరస మాత్రమే తెలిసినవాళ్ళూ ఒకే జిల్లాలో నూరేళ్ళు పక్కపక్కనే బతికారు. మందిరంలో వాళ్ళు కలవలేదు. ఆఖరికి టేపురికార్డరులో కలిశారు.

అంతకుముందు రేడియో. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం వచ్చాక పొద్దున్నే భక్తి గీతాల్లో అప్పుడప్పుడు క్రైస్తవ గీతం వచ్చేది. రాత్రి షార్ట్‌వేవ్ మీద మతపరమైన కేంద్రాల తెలుగు కార్యక్రమాలు గరగరల మధ్య వినిపించేవి. రేడియో పాట గాలిపాట. వచ్చినప్పుడు వినాలి, మళ్ళీ కావాలంటే రాదు. కేసెట్టు వచ్చాక పాట చేతికి దొరికింది. దొరికిన వస్తువు మీద మమకారం పెరుగుతుంది. నాకు ఇష్టమైన ఆల్బమ్‌ల జాబితా అక్కణ్ణించే మొదలవుతుంది.

మొదటిది సినిమా పాటల కేసెట్టు. ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో విజయచందర్ క్రీస్తుగా నటించిన 'కరుణామయుడు' 1978లో వచ్చింది. సినిమాను ఎన్నో భాషల్లోకి మార్చారు. ఊళ్ళలో తెర కట్టి ప్రొజెక్టరుతో వేశారు. సిలువ మోసే ఘట్టంలో వచ్చే పాట మోదుకూరి జాన్సన్ రాశారు, బాలసుబ్రహ్మణ్యం పాడారు. ఆ పాట గురించి నాకు నచ్చేది ఒకటుంది. అది క్రైస్తవుల పాటగా మిగిలిపోలేదు. గుడ్ ఫ్రైడే రోజు మైకులో ఆ పాట వస్తే టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళంతా చరణం పూర్తయ్యేదాకా విని వెళ్ళేవారు. ఊళ్ళో నాలుగిళ్ళవాళ్ళ దేవుడు ఆ ఒక్క పాటతో ఊరందరికీ పరిచయస్థుడయ్యాడు. కీర్తనల పుస్తకం చేయలేని పని అది.

రెండోది పాత కీర్తనలను సినిమా గాయకులతో పాడించిన కేసెట్లు. ఒకటి కాదు, చాలా వచ్చాయి. వాటిలో ఏది విన్నా మొదట వాయిద్యాల హోరు, తర్వాత శ్రుతి తప్పని గొంతు, చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్లు. మొదటిసారి విన్నప్పుడు మా పాట ఇంత అందంగా ఉంటుందా అనిపించింది. తర్వాత వింటుంటే ఒకటి తట్టింది. పుస్తకంలో ఎనిమిది చరణాలున్న కీర్తనకు ఇక్కడ మూడే ఉన్నాయి.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. అరవై నిమిషాల కేసెట్టుకు పక్కకు ముప్ఫై నిమిషాలు. పక్కకు ఐదారు పాటలు పట్టాలంటే పాటకు ఐదు నిమిషాలు. వాయిద్యాలకే రెండు నిమిషాలు పోతుంది. మూడు చరణాల కంటే ఎక్కువ ఎక్కడ పడతాయి? ఆ మూడింటిలో మొదటి రెండు, ఆఖరుది ఉంచేవారు. చౌదరి కీర్తనల్లో కథ నడిచేది మధ్య చరణాల్లో. పాపి మొరపెట్టుకుంటాడు, వాదిస్తాడు, అలసిపోతాడు, అప్పుడు గాని శరణు దొరకదు. మధ్యది తీసేస్తే అడగ్గానే దొరికినట్టుంటుంది. భక్తుడి నలుగుబాటు టేపు పొడవుకు తెగిపోయింది. ఒక తరం తర్వాత మందిరంలో కూడా ఆ మూడు చరణాలే పాడుతున్నారు. మిగతావి పుస్తకంలో ఉన్నాయి గాని నోట లేవు.

మూడోది పడవ పాట. 'నడిపించు నా నావ' రాసినవారు ఎ.బి. మాసిలామణి. కెనడియన్ బాప్టిస్టు సంఘాల్లోంచి వచ్చిన పాస్టరు, ప్రసంగీకుడు, 1990లో పోయారు. ఈ పాటను ఎంతమంది పాడారో, ఎన్ని కేసెట్లలో ఉందో లెక్క లేదు. మైదానం ఊళ్ళలో నావ అంటే జీవితానికి పోలిక. భావనపాడు, కళింగపట్నం, కోనాడ వైపు తీరంలో నావ అంటే నావే. వేటకెళ్ళినవాడు రాత్రికి రాకపోతే ఆ పాటలో పోలిక ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకెళ్ళిన మత్స్యకారులు 2018 చివర పాకిస్తాన్ చెరలో పడ్డారు. ఆంధ్రకు చెందిన ఇరవైమంది 2020 జనవరిలో గాని బయటపడలేదు. వాళ్ళు ఏ దేవుణ్ణి తలుచుకున్నారో నేను చెప్పను. ఇంత సముద్రం ముందర పెట్టుకున్న మనుషులకు ఇలాంటి పాట ఎందుకు పట్టుకుంటుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

నాలుగోది ఒక ఆల్బమ్ కాదు, ఏటేటా వచ్చే వరద. గుంటూరు హోసన్నా మినిస్ట్రీస్ వాళ్ళు గుడారాల పండుగకు ప్రతి ఏడూ కొత్త పాటలు విడుదల చేస్తారు. 2012లో చనిపోయిన పాస్టర్ ఏసన్న ఆ పాటలకు పెద్ద దిక్కు. మా జిల్లాల మందిరాల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపించేవి ఆ పాటలే, ఆ తరహా పాటలే. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, మెలోడీ. మాట సులువు. యౌవనస్థులు ఇష్టంగా పాడతారు. చెన్నైలో భవన నిర్మాణానికి వెళ్ళిన పలాస కుర్రాడు, గల్ఫ్‌కు వెళ్ళిన సోంపేట కుర్రాడు ఫోనులో వినేదీ అవే. రంగూన్ పెట్టెలో పుస్తకం ఉన్న చోట ఇప్పుడు మెమరీ కార్డు ఉంది. దూరాన ఉన్నవాడికి పాట చేసే మేలు మారలేదు.

తీసుకున్నదీ ఇచ్చిందీ

పాత పాటల మీద ప్రేమతో కొత్తవాటిని తిట్టడం మన వ్యాసాల్లో మామూలే. నేను అటు వెళ్ళను. కేసెట్టు ఇచ్చింది తక్కువేం కాదు. మంచం పట్టిన ముసలివాళ్ళకు ఆదివారం ఇంటికి వచ్చింది. అత్తవారింట ఒక్కతే విశ్వాసి అయిన ఆడపిల్ల, మందిరానికి వెళ్ళే వీలు లేనిది, వంటింట్లో మెల్లగా పెట్టుకుని వినేది. ఆమె పాడితే గొడవ. టేపు పాడితే సినిమా పాటలాంటిదే కదా అని ఊరుకునేవారు. ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆమెకు ఇష్టమైన ఆల్బమ్ ఏదని అడిగి చూడండి. జవాబు సంగీతం గురించి రాదు.

కాని తీసుకున్నది కూడా చెప్పాలి. సినిమా గాయకుల శ్రుతి పొలంలో పనిచేసి వచ్చిన గొంతులకు అందదు. పల్లవి వరకూ అందరూ పాడతారు, చరణం ఎత్తుకోగానే సగంమంది ఆగిపోతారు. దాంతో అందరూ పాడే పాట నలుగురు వేదిక మీద పాడితే మిగతావాళ్ళు చప్పట్లు కొట్టే పాట అయ్యింది. ఇంకోటి, అన్ని ఊళ్ళకూ ఒకే వరస వచ్చింది. "అది కేసెట్టు వరసర్రా, మన వరస ఎత్తండి" అని పట్టుబట్టే పెద్దవాళ్ళు కొన్నాళ్ళున్నారు. పిల్లలకు కేసెట్టుదే సరైనదనిపించింది. అచ్చులో ఉన్నదీ టేపులో ఉన్నదీ సరైనది, ముసలమ్మ పాడేది తప్పు అనుకోవడం మన చదువు నేర్పిన అలవాటు.

దీని గురించి ఆలోచిస్తున్నప్పుడు పర్లాకిమిడి కొండల మీది సవరలు గుర్తుకొస్తారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్ళింది గాని ఆ కొండలూ ఈ మైదానమూ ఎప్పుడూ ఒకటే. గిడుగు రామమూర్తి అక్కడే ఉండి సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు చేశారు. బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త పియర్స్ వైటెబ్స్కీ ఒరిస్సా సవరల దగ్గర దశాబ్దాలు తిరిగి 2017లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ పుస్తకం చెప్పేది ఇది: వాళ్ళలో చనిపోయినవాళ్ళు పూనకం వచ్చే స్త్రీల నోట వచ్చి బతికున్నవాళ్ళతో మాట్లాడేవారు. తిట్టేవారు, ఏడ్చేవారు, అడిగేవారు. కొత్త తరం బాప్టిస్టులయ్యాక ఆ సంభాషణ ఆగిపోయింది, దాని చోట ప్రార్థన, పాట వచ్చాయి. ఒక భయం పోయింది, ఒక మాట్లాడుకోవడం కూడా పోయింది. పోయినవాళ్ళతో వరస ఎలా కలుపుకోవాలన్నది అక్కడి ప్రశ్న.

మైదానంలో మాకు పూనకం లేదు. కాని పోయినవాళ్ళతో మాట్లాడే దారి ఒకటుంది. వాళ్ళు నేర్పిన వరసలో వాళ్ళ పాట ఎత్తుకోవడం. సమాధుల దొడ్డిలో మట్టి వేసేటప్పుడు మా పెద్దవాళ్ళు పాడే పాట ఏ ఆల్బమ్‌లోనూ నేను వినలేదు. పాట పుస్తకంలో ఉంది, ఆ వరస మాత్రం టేపులో లేదు. పాడేటప్పుడు చివరి మాట దగ్గర ఒక చిన్న విరుపు ఉంటుంది. అది రాగంలో భాగమో, ఎప్పుడో ఎవరికో ఏడుపు ఆగక వచ్చిన తడబాటో చెప్పలేం. ఇప్పుడది పాటలో భాగమైపోయింది. ఇంకో రెండు చావుల తర్వాత ఆ విరుపు తెలిసినవాళ్ళు ఉండరు.

ప్రమాదం ఇక్కడే ఉంది. కీర్తన మాటలు పోవు, అవి అచ్చులో ఉన్నాయి. కేసెట్టు వరసలు పోవు, అవి యూట్యూబులో ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య ఉన్నది పోతుంది. ఊరూరి వరస, మధ్య చరణాలు, తాళం వేసే తీరు. రాగం పేరు చూసి దాన్ని ఎవరూ తిరిగి కట్టలేరు. మన విశ్వవిద్యాలయాలు జముకుల కథనూ తప్పెటగుళ్ళనూ జానపదమని సేకరించాయి, మంచి పని. క్రైస్తవ కీర్తనను జానపదంగా ఎవరూ చూడలేదు. శాస్త్రీయంగానూ చూడలేదు. మతం కింద పడేసి వదిలేశారు. సంఘాలవాళ్ళకేమో కొత్త ఆల్బమ్ మీద ఉన్న ఆసక్తి పాత గొంతు మీద లేదు.

చేయగలిగింది మాత్రం పెద్ద పనేం కాదు. ప్రతి ఇంట్లో ఫోను ఉంది. టెక్కలిలో, రాజాంలో, గజపతినగరంలో డెబ్బై దాటినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను కూర్చోబెట్టి, వాయిద్యం లేకుండా, ఎనిమిది చరణాలున్న పాటను ఎనిమిది చరణాలూ పాడించి ఉంచాలి. గొంతు వణికినా ఫరవాలేదు, మధ్యలో దగ్గు వచ్చినా తీసేయకూడదు. పాట అయ్యాక ఒక ప్రశ్న అడగాలి: ఈ వరస మీకెవరు నేర్పారు? వాళ్ళు ఒక పేరు చెబుతారు. ఆ పేరు వెనక ఇంకో పేరు ఉంటుంది. అలా వెనక్కి వెళితే ఎక్కడో ఒక చోట అచ్చులో ఉన్న పేరు తగులుతుంది. ఆ మధ్యలో ఉన్నవాళ్ళెవరి పేరూ ఏ పుస్తకంలోనూ లేదు. పాట మన దాకా రావడానికి కారణం వాళ్ళే.